గడప దాటిన గొంతు

దీపములు పెట్టు వేళకు మన యిండ్లలో టెలివిజను పెట్టె మ్రోగుట మొదలిడును. చక్కగా చీర కట్టుకొని, తడబాటు లేక వార్తలు చదువు పిల్లను చూచి, "ఎంత ముచ్చటగా చదువుచున్నదే! తెలుగన్న నట్లుండవలెను" అని మెచ్చుకొనని గృహిణి యరుదు. ఆ గృహిణియే, తన కడుపున బుట్టిన పిల్ల వచ్చి, "అమ్మా, నేనును ఆ పనిలోనే చేరెదను" అనినచో ఏమనునో సోదరీమణులకు మేము చెప్పవలసిన పని లేదు. "బ్యాంకులో చేరరాదటే? బడిలో పంతులమ్మవు కారాదటే? నలుగురి నోళ్ళలో నానిన పిల్లను రేపు ఎవరి చేతిలో పెట్టగలమే?" అనును. నాన్నగారు ఏమియు ననక పత్రికలో తల దూర్చెదరు. మేనత్త యున్నచో ఆమె యింకను రెండు మాట లెక్కువగనే యనును.

ఈ వెరపునకు కారణమేమో కొంచెము విచారింతము. జీతము తక్కువ యనియా? బడిపంతులమ్మ జీతము మాత్ర మెంత? పరపురుషులతో మాటలాడవలసి వచ్చుననియా? బ్యాంకులో కూర్చున్న పిల్ల దినమునకు నూరుగురితో మాటలాడుచున్నది. రాత్రిపని యనియా? ఆసుపత్రిలో దాదులు రాత్రులు మేల్కొనుచునే యున్నారు. కంప్యూటరు కార్యాలయములకు మన పిల్లలు అర్ధరాత్రి బండ్లలో పోయి వచ్చుచునే యున్నారు. వానికి లేని యభ్యంతరము పత్రికకు, రేడియోకు, టెలివిజనుకు ఏల వచ్చినది? ఇందు స్త్రీ చెప్పునది, లోకము వినునది. వినుటకు అలవాటు పడిన జాతి మాటలాడుటకు మొదలిడుటయే మన పెద్దలకు మింగుడుపడని సంగతి యని మా యభిప్రాయము.

ఇది మన దేశమున మాత్రమే యున్నదని యనుకొనవలదు. అమెరికా దేశమున టెలిఫోను క్రొత్తగా వచ్చినపుడు తీగెలు కలుపు పనికి మగపిల్లలను పెట్టిరి. వారు కోతిచేష్టలు చేయుచు, మాటలాడవచ్చిన పెద్దమనుష్యులను తిట్టుచు, తీగెలను తారుమారు చేయుచుండిరట. అందువలన 1878వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బోస్టను నగరమున ఎమ్మా నట్ అను యువతిని ఆ పనిలో నియమించిరి. ఆమె గొంతు మెత్తన, మాట మర్యాద. వారమునకు 54 గంటల పని, నెలకు 10 డాలర్ల జీతము. కొలది కాలమునకే ఆ పని యంతయు స్త్రీల పాలైనది. మర్యాదతో పాటు చౌక గూడ కలిసి వచ్చుట చూచి కంపెనీల వారు సంతసించిరి. మన దేశమున సయితము ఇరువదవ శతాబ్దపు మొదటి సగమున టెలిఫోను కార్యాలయములలో కూర్చున్నవారు తరచుగ ఆంగ్లో-ఇండియను యువతులే. మన కుటుంబముల వారు తమ పిల్లలను అచ్చటికి పంపుటకు వెనుదీసిరి. ఎవడో మొగము తెలియనివాడు తన బిడ్డ గొంతు వినునను తలంపే వారికి దుస్సహముగ నుండెను.

ఆ తీగెలు కలిపిన స్త్రీల కథ యింకొకటి యున్నది. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు వచ్చిన యువతులను ఫ్రాన్సునకు బంపి, యుద్ధరంగమున టెలిఫోను పని చేయించెను. సుమారు 223 మంది సముద్రము దాటిరి. సైనికులవలె ప్రమాణము చేసిరి, సైనికదుస్తులు ధరించిరి, దాడికి ఆజ్ఞలు వారి చేతుల మీదుగనే పోయినవి. యుద్ధము ముగిసి యింటికి వచ్చినపిదప, "మీరు సైనికులు కారు, ఉద్యోగినులు మాత్రమే" యని చెప్పిరి. పతకము లేదు, పింఛను లేదు. వారును సైనికులేయని చట్టము చేయుటకు 1977వ సంవత్సరము రావలసివచ్చెను. అప్పటికి వారిలో పెక్కుమంది కాలధర్మము చెందియే యుండిరి.

ఇంతవరకు స్త్రీ ఇతరుల మాటను మోసినది. తీగెకు ఈ కొన నుండి ఆ కొనకు చేర్చినది. ఇందుల కెవరును పెద్దగ అడ్డు చెప్పలేదు. నేటికిని రైలుస్టేషనులో బండి ఏ ప్లాటుఫారము మీదికి వచ్చునో చెప్పు గొంతు తరచుగ స్త్రీది. చేతిలోని ఫోను మన ప్రశ్నకు బదులు చెప్పునపుడు వినవచ్చు యంత్రపు గొంతునకు గూడ పెక్కు కంపెనీలు స్త్రీ గొంతునే యిచ్చినవి. దానివలన స్త్రీ యనగా ఎల్లపుడు చెప్పినట్లు చేయునది యను భావము పిల్లలలో పాతుకొనునని 2019లో యునెస్కో వారు ఒక నివేదికలో హెచ్చరించిరి. స్త్రీ గొంతు తియ్యనిదను విషయమున లోకమునకు ఎన్నడును సందేహము లేదు. ఆ గొంతు "ఇది జరిగినది, ఇది నిజము" అని చెప్పినపుడే చిక్కు వచ్చినది.

లండనులో బి.బి.సి. రేడియోవారు 1933 జూలైలో షీలా బారెట్ అను నామెను ప్రకటనలు చదువుటకు పెట్టిరి. వేలకొలది ఫిర్యాదులు వచ్చి పడినవి. సుమారు మూడు నెలలకే ఆమె ఆ పని నుండి తొలగింపబడెను. ఆ ఫిర్యాదులలో అధికభాగము స్త్రీలు వ్రాసినవేనని చెప్పుదురు. ఇది చదివి పురుషులు చంకలు గుద్దుకొన నక్కరలేదు గాని, మనము మాత్రము ఒక్క క్షణమాగి యోచింపదగినదే. సాటి స్త్రీ యెత్తుగ నిలుచుండి మాటలాడిన మన చెవికి ఏల కటువుగా దోచును? మనలను మాటలాడనీయని వారిపై కోపగింపలేక, మాటలాడిన దానిపై కోపగించుచున్నామేమో! ఇరువదియేడేండ్ల పిదప, 1960లో, అదే సంస్థవారు టెలివిజనులో నాన్ వింటన్ అను నామెచేత రాత్రి వార్తలు చదివించి చూచిరి. చూచువారి కది రుచించుట లేదని నెలలలోనే మానిపించిరి. 1975లో ఆంజెలా రిప్పన్ వచ్చి కుదురుకొనువరకు స్త్రీ ముఖమున వార్త నమ్మదగినదిగ వారికి దోపలేదన్నమాట.

మన సంగతికి వత్తము. గ్రామఫోను రికార్డులు వచ్చిన క్రొత్తలో వానిపై పాడిన స్త్రీలు చాలవరకు కళావంతుల కుటుంబములలోనివారు. కులస్త్రీలు సభలో పాడుట తప్పుగ నెంచిన కాలమది. ఆ పాటలను మాత్రము కులస్త్రీల యిండ్లలోనే కొని, వినుచుండిరి! రేడియో వచ్చినది, అదియును వారి గొంతుతోనే పెరిగినది. స్వాతంత్ర్యము వచ్చుచున్న దినములలో ప్రసారశాఖను చూచుచుండిన సర్దారు వల్లభభాయి పటేలుగారు, ఏ స్త్రీల సొంత జీవితము లోకాపవాదమునకు గురియై యున్నదో వారిని రేడియోలో పాడనీయరాదని యుత్తరువు చేసిరి. పాట యెట్లున్నదో యడుగుటకు బదులు పాడినదాని యింటి సంగతి యడుగుట అన్నమాట. పురుష గాయకుల యింటి సంగతు లెవరైన విచారించిరా? సర్దారుగారి యెడల మాకు గల గౌరవమునకు లోపము లేదు. ఈ యుత్తరువు మాత్రము న్యాయమని మేమనజాలము.

అదే సంధికాలమున ఢిల్లీలో జరిగినది చూడుడు. సయీదా బానో అను నామె భర్తను విడిచి, చిన్నకుమారుని వెంటబెట్టుకొని లక్నో నుండి వచ్చి, 1947 ఆగస్టు 13వ తేదీన ఆకాశవాణిలో ఉర్దూ వార్తలు చదివెను. దేశము రెండుగ చీలుచున్న దినములు. వార్త యన్నచో రక్తపాతమే. ఆమె గొంతును మెచ్చుకొనుచు జాబులు వచ్చినవి. పాకిస్తానునకు ఏల పోవని నిందించుచు గూడ వచ్చినవి. అయినను ఆమె చదువుట మానలేదు. మన తెలుగువారిలో జోలెపాళెం మంగమ్మగారు 1960ల దశకమున ఢిల్లీ కేంద్రము నుండి తెలుగు వార్తలు చదివిరి. ఆ పనిలో తొలి తెలుగు మహిళ ఆమెయే యని ప్రసిద్ధి. పిదప ఆమె చరిత్ర పరిశోధకురాలై పెక్కు గ్రంథములు వ్రాసిరి. వార్తలు చదివిన నోరు పాడైపోవునని వెరచువారు ఆ గ్రంథముల నొకసారి చూడవలెను.

మదరాసు రేడియోకేంద్రము 1938లో వెలసినది. పిల్లల కార్యక్రమముతో తెలుగువారి యిండ్లలో చేరిన న్యాయపతి కామేశ్వరిగారిని ఎవరును తప్పు పట్టలేదు. ఆమె "రేడియో అక్కయ్య". భర్త రాఘవరావుగారు "రేడియో అన్నయ్య". అక్కయ్య యను పిలుపుతో గడప దాటిన గొంతు తిరిగి మరియొక గడపలోనికే వచ్చి కూర్చున్నట్లాయెను. మన తెలుగువారికి వరుస కలిపినచో వెరపు పోవును. పిల్లలకు కథ చెప్పు స్త్రీకి వరుస దొరకినది గాని, శాసనసభ గదిలో మంత్రిగారిని నిలదీసి ప్రశ్నించు విలేఖరికి వరుస యేమిటి? అందుకే ఆ పిల్లను చూచి మనవారు నొసలు చిట్లింతురు.

పత్రికలలోను ఇట్టిదే. స్త్రీల పుట యని యొకటి గీసి, వంటలు, కుట్టుపనులు, శిశుపోషణము అందు వ్రాసికొమ్మనిరి. మేము ఆ పుటను చులకన చేయము. మాలతీ చందూరుగారు 1952 నుండి ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనము" అను శీర్షికను దశాబ్దముల తరబడి నడిపి, ఇంటిలో ఎవరి నడుగుటకును వీలులేని ప్రశ్నలకు ఎందరు స్త్రీలకు సమాధాన మిచ్చిరో! ఇచ్చిన యిరుకు గదినే ఆమె కచేరీ సావిడిగ మార్చిరి. హోమాయి వ్యారవాలా అను పార్సీ మహిళ మన దేశమున తొలి స్త్రీ పత్రికా ఛాయాగ్రాహకురాలు. ఆమె తీసిన మొదటి ఛాయాచిత్రములు భర్త పేరుతో అచ్చైనవి. స్త్రీ చేతిలో కెమెరాను చూచినవారు అదేదో వినోదమని యెంచిరే గాని పని యని యెంచలేదు. ఆ యలక్ష్యము చాటుననే ఆమె పెద్దల నందరను దగ్గరనుండి చిత్రింపగలిగిరి. 2011లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ మిచ్చినది. అప్పటి కామె తొంబదియేడేండ్ల వృద్ధురాలు.

ఇంతమాత్రమున తల్లుల వెరపంతయు వట్టిదని మేమన్నచో అది నిజము కాదు. 2018 అక్టోబరులో పత్రికారంగపు స్త్రీలు ఒకరి తరువాత నొకరు తమ పై అధికారుల దుర్నడతను బయట బెట్టిరి. ఒక కేంద్రమంత్రి, పూర్వము ప్రసిద్ధ సంపాదకుడు, పదవి విడువవలసి వచ్చెను. ఆయనపై మాటలాడిన ప్రియా రమణిపై ఆయన వేసిన పరువునష్టపు వ్యాజ్యమును 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ న్యాయస్థానము కొట్టివేసి, ఆమె నిర్దోషి యని తీర్పు చెప్పెను. కార్యాలయమున ఆపద యున్నది. ఆ యాపదను పిల్ల నోరు మూయుటచే తప్పింపజాలము. మూసిన నోళ్ళ మూలముననే అది యన్నియేండ్లు దాగినది.

కావున తల్లులు అడుగవలసిన ప్రశ్నలను అడుగవలెను. ఉద్యోగపు ఉత్తరువు వ్రాతపూర్వకముగ ఇచ్చిరా? రాత్రి పని ముగిసిన పిదప యింటికి చేర్చు బండి యున్నదా? పదిమంది, అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థలోను, ఒక సీనియరు స్త్రీ అధ్యక్షతను, సగమునకు తక్కువ కాని స్త్రీ సభ్యులతో, బయటి సభ్యు నొకరిని గూడ చేర్చుకొని, ఫిర్యాదుల సంఘమును ఏర్పరుపవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ సంఘము అచ్చట నున్నదా? ఫిర్యాదును మూడు నెలలలో నీయవలెనని పిల్లకు తెలియునా? ఇవి యడిగినచో పిల్ల సిగ్గుపడదు, ధైర్యపడును. "ఎవరు వినుచున్నారో" యను ప్రశ్నను మాత్రము అత్తగార్లకు వదలివేయుదము.

చదువు, పట్టణము, చీరకట్టు ఇవి యున్నవారికే ఈ మాటలన్నియు నని యనువారు జహీరాబాదు దాపున మాచునూరు గ్రామమునకు పోయి చూడవలెను. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ అను సంస్థ అండతో, పొలముపనులు చేసికొను దళిత స్త్రీలు అచ్చట "సంఘం రేడియో"ను పెట్టుకొనిరి. ప్రసారకేంద్రము 1998లోనే సిద్ధమైనది గాని అనుమతి రాలేదు. గాలితరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పియున్నను, ఈ స్త్రీల గొంతు గాలిలోనికి పోవుటకు పదియేండ్లు పట్టినది. ఆ పదియేండ్లును వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విత్తనముల మాటలు, పండుగ పాటలు, నాటు వైద్యములు టేపులలో నెక్కించి, సంఘపు కూటములలో వినిపించుచు వచ్చిరి. 2008 అక్టోబరు 15వ తేదీన ప్రసారము మొదలైనది. దానిని నడిపిన యిద్దరి పేరును నర్సమ్మయే. ఊరి దొర ముందు ఏ స్త్రీలు తల యెత్తి మాటలాడుట తప్పని నేర్పబడిరో, ఆ స్త్రీల మాటను చుట్టుపట్ల పల్లెలు రేడియో చెవికి దగ్గర బెట్టుకొని విన్నవి. కొర్రలు, సజ్జలు ఎప్పుడు విత్తవలెనో, ఏ విత్తనము ఎవరి యింట నున్నదో, దొర పొలములోని కూలి యెంతో వారు చెప్పిరి.