తూము మన చేతిలో లేదు

తుంగతుర్తి రైతుకు కాలువ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. శ్రీరాంసాగర్ రెండో దశలో చివరి ఆయకట్టు ఈ ప్రాంతానిది. ఎగువన తూము ఎత్తితే నీరు వస్తుంది, దించితే ఆగుతుంది. ఎప్పుడు ఎత్తాలో, ఎంత వదలాలో నిర్ణయించేది ఇక్కడివారు కాదు. అందుకే కాలువ నిండుగా పారిన ఏడాది కూడా తెలివైన రైతు తన బావిని పూడ్చుకోడు.

ఈ మాట వ్యవసాయం కోసం ఎత్తుకోలేదు. మన యువతీ యువకులు నడుపుతున్న వీడియో చానళ్ల కోసం ఎత్తుకున్నాము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మొదలుకొని మండల కేంద్రాల దాకా ఈనాడు ఒక ఫోను, ఒక స్టాండు, ఒక చిన్న మైకు ఉంటే చాలు, చానల్ మొదలవుతున్నది. పెద్ద పత్రికల జిల్లా పేజీలో నాలుగు వాక్యాలకు మించి చోటు దొరకని మన సంగతులు ఈ చానళ్లలో పది నిమిషాలు వినబడుతున్నాయి. ఖబ్రస్తాన్ ప్రహరీ, మైనారిటీ గురుకులాల ప్రవేశాలు, షాదీ ముబారక్ దరఖాస్తులు, జాన్‌పహాడ్ ఉర్సు, నాలుగు శాతం రిజర్వేషన్‌పై వాదనలు, అన్నీ అక్కడ ఉన్నాయి. ఇది మెచ్చుకోదగిన శ్రమ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’, అనాథ పిల్లలకు వండి పెట్టే ఖాజా మొయినుద్దీన్ గారి ‘నవాబ్స్ కిచెన్’ లక్షలాది ప్రేక్షకులను సంపాదించి, తెలుగు నేల మీది మామూలు మనిషి మాట ఎంత దూరమైనా పోగలదని నిరూపించాయి.

అయితే మన చానళ్ల మిత్రులను ఒక ప్రశ్న అడగదలిచాము. మీ చానల్‌కు ఐదు వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారని చెబుతున్నారు. రేపు ఉదయం ఆ చానల్ తెరుచుకోకపోతే, ఆ ఐదు వేల మందిలో ఎందరికి మీరు కబురు పంపగలరు? నిజాయితీగా చెప్పుకుంటే, ఒక్కరికి కూడా పంపలేరు. ఎందుకంటే వారి పేర్లు, చిరునామాలు మీ దగ్గర లేవు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య మీకు కనబడుతుంది, మనుషులు మాత్రం కంపెనీ దగ్గరే ఉంటారు. తూము వారిది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. చైనాతో సరిహద్దు ఘర్షణ నేపథ్యంలో తీసుకున్న ఆ నిర్ణయం తప్పొప్పుల చర్చ ఇక్కడ వద్దు. మనకు కావలసిన పాఠం వేరు. ఏళ్ల తరబడి లక్షల అభిమానులను కూడగట్టుకున్న పల్లెటూరి కళాకారులు, గృహిణులు, కూలీ పనివారు ఒక్క రాత్రిలో వారందరినీ పోగొట్టుకున్నారు. ‘నేను ఇకమీద ఫలానా చోట ఉంటాను’ అని చెప్పుకునే దారి కూడా చాలామందికి మిగలలేదు. 2025 వేసవిలో భారత్, పాకిస్తాన్ ఉద్రిక్తతల మధ్య ‘4పీఎం’ అనే హిందీ వార్తా చానల్‌ను యూట్యూబ్‌లో నిలిపివేశారు. మైనారిటీల వార్తలు ఎక్కువగా ఇచ్చే ‘మక్తూబ్ మీడియా’ ఎక్స్ ఖాతా మన దేశంలో కనబడకుండా పోయింది. ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద జారీ అయ్యే ఇటువంటి ఉత్తర్వులను గోప్యంగా ఉంచాలని నిబంధనలే చెబుతున్నాయి. కారణం తెలిసేలోపే ప్రేక్షకుడు మరో చానల్‌కు అలవాటు పడిపోతాడు.

నిషేధాల దాకా పోనక్కర లేదు. చానల్ సవ్యంగా నడుస్తున్నా, కొత్త వీడియో సబ్‌స్క్రైబర్లందరి కంటా పడదు. ఎవరికి ఏది చూపాలో నిర్ణయించేది యంత్రం. వినోదం, వివాదం ఉన్నచోటికి అది మొగ్గు చూపుతుందన్నది మన అందరి అనుభవం. ఓపికగా విషయం వివరించే వీడియో చివరి ఆయకట్టు పొలంలాగా ఎండిపోతుంది.

దీని వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. అప్పటికే రిజిస్టరైన వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలోగా అందులో ఎక్కించాలన్నది నిబంధన. ఆ చట్టంపై మన అభ్యంతరాలు మనకు ఉన్నాయి. అవి ఉంటూ ఉండగానే గడియారం నడిచింది. పోర్టల్‌ను వివరించే వీడియోలు ఎన్నో వచ్చాయి. ఒక చిన్న గ్రామంలో మస్జిద్, ఆషూర్‌ఖానా, అర ఎకరం ఖబ్రస్తాన్ చూసుకునే ముతవల్లీ సాహెబ్‌కు వాటిలో ఒక్కటైనా సకాలంలో చేరిందా? ఏ కాగితాలు కావాలో, ఆఖరు తేదీ ఏదో, ఎవరిని కలవాలో ఆయనకు ఎవరైనా నేరుగా రాశారా? గడువు దాటాక లక్ష మంది చూసిన వీడియో కన్నా, గడువుకు నెల ముందు వంద మంది ముతవల్లీలకు అందిన ఒక ఉత్తరం సమాజానికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఉత్తరం అనే మాట కావాలనే వాడాము. మేము చెప్పదలిచిన పరిష్కారం కొత్తదేమీ కాదు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రికను, ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ‘గోలకొండ’ పత్రిక స్థాపించారు. ఆనాటి పత్రికకు ప్రాణం చందాదారుల పట్టిక. అందులో ఊరు, పేరు, తపాలా చిరునామా ఉంటాయి. ముద్రణాలయం మారినా ఆ పట్టిక ఉంటే పాఠకుడు ఉన్నట్టే. ఆ చందాదారుల పట్టికకు నేటి రూపమే ఈమెయిల్ లేఖ. చానల్ నడిపేవారు తమ ప్రేక్షకుల అనుమతితో వారి మెయిల్ చిరునామాలు సేకరించి, వారానికి ఒకసారి ఒక చిన్న లేఖ రాయాలి. కొత్త వీడియోకు దారి ఆ లేఖలో ఉండాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని మాకు తెలుసు. ‘మనవాళ్లు మెయిల్ ఎక్కడ చూస్తారు? అందరూ వాట్సాప్‌లోనే ఉంటారు కదా’ అంటారు. సగం నిజమే. వాట్సాప్‌ను వదలమని మేము చెప్పడం లేదు. దాని హద్దులు కూడా గమనించమంటున్నాము. ఒక గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మందే హద్దు, అదీ మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. గ్రూపులో చేరిన సోదరి ఫోను నంబరు ముక్కూమొహం తెలియని వందల మందికి కనబడుతుంది. అందుకే ఎందరో గృహిణులు, విద్యార్థినులు చేరడానికే జంకుతారు. పైగా పొద్దున్నే వచ్చిన ముఖ్యమైన సంగతి మధ్యాహ్నానికల్లా శుభాకాంక్షల చిత్రాల కింద కూరుకుపోతుంది. వాట్సాప్ కూడా మరొకరి కాలువే.

మెయిల్ లేనివారు మనం అనుకున్నంత మంది లేరు. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరవాలంటే గూగుల్ ఖాతా ఉండాలి. స్కాలర్‌షిప్పుకు, ప్రవేశ పరీక్షకు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన ప్రతి ఇంట్లో ఒక మెయిల్ ఉంది. గల్ఫ్‌లో పనిచేసే మన సోదరుల టిక్కెట్లు, కాగితాలు వచ్చేది మెయిల్‌కే. ఇంటికి ఒక్కరు చదివి మిగిలినవారికి వినిపిస్తే చాలు. పూర్వం పత్రిక అలాగే చదివారు.

మరొక ఆక్షేపణ ఇంకా బరువైనది. కొత్త వీడియో రాగానే సబ్‌స్క్రైబర్లకు మెయిల్ పంపే పద్ధతి యూట్యూబ్‌కే ఉండేది. 2020 ఆగస్టులో దాన్ని ఆపేసింది. తెరిచి చూసేవారు 0.1 శాతం కన్నా తక్కువని కారణం చెప్పింది. మరి మన మెయిల్ ఎవరు తెరుస్తారు? ఈ ప్రశ్నలోనే జవాబు ఉంది. అవి యంత్రం పంపిన నోటీసులు, మనిషి రాసినవి కావు. ‘ఫలానా చానల్ వీడియో పెట్టింది’ అన్న ఒకే ముక్కను రోజూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. తమకు తెలిసిన మనిషి, తమ ఊరి సంగతి, తమకు పనికివచ్చే తేదీ రాస్తే తెరుస్తారు.

కనుక లేఖ ఎలా ఉండాలో కొంచెం చెబుతాము. వారం, సమయం మార్చకండి. శుక్రవారం ఉదయం అనుకుంటే ప్రతి శుక్రవారం ఉదయమే రావాలి. ఒక లేఖలో ఒకే వీడియో ఉండాలి. దానిలోని సారాన్ని నాలుగైదు వాక్యాల్లో ముందే చెప్పేయండి. వీడియో చూసే తీరిక లేనివారికి కూడా ప్రయోజనం దక్కితే, వచ్చే వారం వారే వెతుక్కుని చూస్తారు. చివర ఆ నెలలో దగ్గరపడుతున్న దరఖాస్తు తేదీలు ఇవ్వండి. ‘మీ ఊరిలో ఏమి జరుగుతున్నది?’ అని అడగండి. వచ్చిన జవాబులే మీ తరువాతి వీడియోలకు విషయాలవుతాయి. జవాబు రాసిన చిరునామా నుంచి వచ్చే లేఖలు స్పామ్‌లో పడే అవకాశం కూడా తగ్గుతుంది.

లెక్క చూద్దాం. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా పొందడానికి దీర్ఘ వీడియోల దారిలో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణం కావాలి. లేఖ అందుకునే రెండు వందల కుటుంబాలు వారానికి పది నిమిషాల వీడియో పూర్తిగా చూస్తే ఏడాదికి దాదాపు 1,730 గంటలు అవుతాయి. అంటే దాదాపు సగం దారి ఆ రెండు వందల ఇళ్లే నడిపిస్తాయి. విషయం మీద ఇష్టంతో వచ్చి చివరి దాకా చూసేవారు ఉంటే, ఆ వీడియోను ఇతరులకు చూపడానికి యంత్రం కూడా మొగ్గుతుంది. బావి నీటితో మొలక నిలబడితే, కాలువ నీరు వచ్చినప్పుడు పంట పెరుగుతుంది.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ పట్టిక ఒక అమానత్. మన సమాజంలో పేర్ల జాబితా ఎవరి చేతిలో పడితే ఏమవుతుందోనన్న భయం ఉత్తినే పుట్టింది కాదు. అందువల్ల అడగకుండా ఎవరి చిరునామా చేర్చవద్దు. మస్జిద్ చందా పుస్తకం నుంచో, పెళ్లి పిలుపుల జాబితా నుంచో ఎత్తి రాయవద్దు. పేరు, మెయిల్ తప్ప మరేమీ అడగవద్దు. ఎన్నికల వేళ ఏ పార్టీ అభ్యర్థి అడిగినా ఇవ్వవద్దు, ఏ ధరకూ అమ్మవద్దు. మామూలు మెయిల్ నుంచి పంపేవారు చిరునామాలన్నీ బీసీసీలోనే పెట్టాలి, లేకుంటే అందరివీ అందరికీ కనబడతాయి. వద్దనుకున్నవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ప్రతి లేఖలో ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని ప్రధానంగా కోరుతున్నది. చట్టం కోరకపోయినా మన నీతి కోరుతుంది. సబ్‌స్టాక్ వంటి సేవలు ఉచితంగానే లేఖ పంపనిస్తాయి, పట్టికను ఫైలుగా దించుకోనిస్తాయి. నెలకొకసారి దించుకుని భద్రం చేసుకోండి. అది చేయకపోతే ఇక్కడ కూడా తూము పరుల చేతిలోనే ఉంటుంది.

తుంగతుర్తి ప్రాంతంలో చానల్ నడిపే మిత్రులకు మా విన్నపం ఇదే. వచ్చే వీడియో తీయడానికి ముందు ఒక సాయంత్రం కేటాయించండి. మీ వీడియోలు ఇష్టంగా చూసే యాభై మందిని స్వయంగా అడిగి, వారి చిరునామా తీసుకుని, మొదటి లేఖ రాయండి. కుటుంబాలకు కూడా ఒక మాట. అటువంటి లేఖ వస్తే తెరిచి చదవండి, రెండు ముక్కలు జవాబు రాయండి, ఇంట్లో పెద్దలకు వీడియో చూపండి. యాభై ఇళ్లతోనే మొదలుపెట్టినా పరవాలేదు. బావి తవ్వడానికి కాలువ ఎండేదాకా ఆగకూడదు.