బ్రేక్ ఆయిల్‌కీ వయసుంది!

డబ్బాలో ఆయిల్ నిండుగానే ఉంది. లైనర్లు మార్పించి ఆర్నెల్లు కూడా కాలేదు. అయినా తిరుమల కొండ దిగుతుంటే నాన్న పాత మారుతీ 800 బ్రేక్ పెడల్ ఉన్నట్టుండి మెత్తబడింది. మరో రెండు మలుపులు తిరిగేసరికి నేలను తాకినంత పనైంది. వెనక సీట్లో అమ్మ ‘గోవిందా’ అంటోంది. పెడల్‌ని గబగబా నొక్కి వదులుతూ, గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ ఎలాగో పక్కకు ఆపాను. (హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌తో పనిచేస్తుంది కాబట్టి బతికిపోయాం.) అరగంటయ్యాక చూస్తే పెడల్ మళ్లీ మామూలే! అందుకే చాలామంది దీన్ని అక్కడితో మర్చిపోతారు.

‘ఆయిల్ ఎప్పుడు మార్చారు సార్?’ అనడిగాడు మెకానిక్. ‘తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాంగా’ అన్నారు నాన్న. పోయడం వేరు, మార్చడం వేరు. మన కార్లలో వాడే బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కారు షెడ్డులోనే ఉన్నా సరే! డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరగొచ్చు. ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడి పుడుతుంది. ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు కానీ ఆవిరి లొంగుతుంది. మీ కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే సరి!

రెండేళ్లకోసారి పాతదంతా తీయించి, కొత్తది పోయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించండి. ఆ తేమే సిలిండర్ల లోపల తుప్పు పట్టిస్తుంది. కాబట్టి వయసైన కారైతే వెనక డ్రమ్ములు విప్పించి, వీల్ సిలిండర్ల రబ్బరు కప్పుల దగ్గర తడి ఉందేమో చూడమనండి. హోస్ పైపులు వంచితే పగుళ్లు కనిపిస్తే మార్పించాల్సిందే. డబ్బాలో మట్టం తగ్గితే ప్యాడ్లయినా అరిగి ఉండాలి, ఎక్కడో కారుతూ అయినా ఉండాలి. కారణం తెలియకుండా పైన పోసి ఊరుకోవద్దు. అన్నట్టు, ఇంజిన్ ఆయిల్ పొరపాటున కూడా అందులో పోయకండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

మా కారులోంచి తీసిన ఆయిల్ కాఫీ డికాక్షన్‌లా ఉంది. ఇంటికొచ్చి చూస్తే అటక మీద నాన్న దాచిన సగం డబ్బా ఒకటి దొరికింది. మూత తీసి మూడేళ్లయిందట. ‘కొత్తదేరా’ అంటూనే ఉన్నారు, నేను తీసుకెళ్లి మెకానిక్‌కి ఇచ్చేశాను.