మొగము చూచి బండి కొనరాదు

మన వర్తకులు మిరప బస్తా కొనునపుడు లోనికి చేయిపెట్టి అడుగు కాయను తీసి చూచెదరు. పప్పును నోట వేసికొని కొరికి చూచెదరు. అట్టివారే లక్షలు పోసి పాత డీజిలు కారు కొనునపుడు అమ్మువాని మొగము మాత్రమే చూచుచున్నారు. "మనవాడే గదా, అడిగిన బాగుండునా?" అందురు. ఈ మొగమాటము మన కుటుంబములకు చేటని మా అభిప్రాయము.

మా యనుభవమునే చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా కారును ఒక బంధువునకు అమ్మితిమి. "పేరు రేపు మార్పించుకొందును మామా" అనెను. ఆ రేపు రెండేండ్లకును రాలేదు. సాత్తూరు దారిలో ఆ బండి సైకిలుపై పోవు కూలివాని కాలు విరుగగొట్టెను. బీమా గడువు తీరియుండెను. నోటీసు మా పేర వచ్చెను. పరిహారమును చెరిసగము చెల్లించితిమి గాని, ఆ యింటి పెండ్లికి మాకు పిలుపు రాలేదు.

చట్టమును నిందించి ఫలము లేదు. రిజిస్ట్రేషను ఎవరి పేరనుండునో వారే యజమానియనియు, పరిహారమునకు బాధ్యులనియు సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కావున తాళము ఇచ్చుటకు ముందే 29, 30 నంబరు ఫారములపై సంతకములు జరుగవలయును. బీమా పేరును మార్పించవలయును. అప్పుపై కొన్న బండియైనచో బాకీ తీరినట్లు బ్యాంకు పత్రమును చూడవలయును.

ఇక డీజిలు ఎవరికి తగును? కోవిల్పట్టి నుండి విరుదునగరునకు సుమారు 50 కిలోమీటర్లు. వారమునకు నాలుగైదు మారులు పోయివచ్చు వర్తకునకు తగును. గుడికిని అంగడికిని మాత్రమే తీయువారికి తగదు. కొద్ది దూరములే నడచు డీజిలు ఇంజనులో మసి పేరుకొనును. 2012 మే నెలలో పెట్రోలు, డీజిలు ధరలకు లీటరునకు 30 రూపాయలకు పైగా భేదముండెను. 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ తొలగెను. 2024లో చెన్నైలో ఆ భేదము సుమారు 8 రూపాయలే. పాత లెక్క నేడు చెల్లదు.

మారుతి సంస్థ 2020 ఏప్రిల్ నుండి డీజిలు కార్లు చేయుట మానినది. కావున డీజిలు స్విఫ్టు ఏదైనను పాతదే. 2012లో రిజిస్టరైన బండికి 15 ఏండ్ల గడువు 2027లో తీరును. పిమ్మట తనిఖీ చేయించి పునరుద్ధరించుకొనవలయును. బేరమాడునపుడు ఈ ఖర్చును తలచుకొనుడు.

ఉదయమున ఇంజను చల్లగా నున్నపుడే పోయి స్టార్టు చేయించుడు. ముందే వేడిచేసి యుంచిన బండి తన రోగమును దాచును. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము. నల్లపొగ ఎడతెగక వచ్చినచో ఇంజెక్టర్లను, టర్బోను మెకానిక్కుచే చూపించుడు. అవి చెడినచో ఖర్చు పెద్దది.

కొన్న పిదప ఆయిలును, డీజిలు ఫిల్టరును గడువునకు మార్పించుడు. ఫిల్టరున చేరిన నీటిని తీయించుడు. మన కరిసల్ నేల దుమ్మునకు గాలి ఫిల్టరు త్వరగా మూసికొనిపోవును. రహదారిపై వేగముగా వచ్చి ఆగిన వెంటనే ఇంజనును ఆపక, ఒక నిమిషము ఊరక తిరుగనిచ్చినచో టర్బోకు మేలు.

ప్రతి ఆదివారము సంఘ కార్యాలయమున బండి పత్రములు చదివి చెప్పుటకు తెలిసిన యువకులను ఇద్దరిని నియమింపవలెనని మా సూచన. పత్రమడుగుట బంధువును అవమానించుట కాదు. అమ్మిన బండ్లు ఇంకను తమ పేరనే యున్నవారు ఈ నెలలోనే మార్పించుకొందురు గాక!