‘మనసు పెట్టి ఆడటం లేదు’ అనడానికి సాక్ష్యం ఏది?

ఈసారి ఎథిక్స్ పేపర్ ప్రాక్టీస్‌కు కేస్ స్టడీని బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి తీసుకుంటున్నాను. మీకు ఆట తెలియకపోయినా పర్వాలేదు, కావాల్సినంత వివరం కింద ఉంది. నా వాదన ఏమిటో ముందే చెప్పేస్తాను. ఒక మనిషి చేసిన పనిని విమర్శించే హక్కు అందరికీ ఉంది. కానీ ఆ పని చేసేటప్పుడు అతని మనసులో ఏముందో సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. రేపు పది మంది పనితీరు మీద రిమార్కులు రాయాలనుకుంటున్న మనకు అసలే లేదు.

కేసు ఇదీ

లూకా డోంచిచ్ 1999లో స్లొవేనియాలో పుట్టాడు. పంతొమ్మిదేళ్లకే రియల్ మాడ్రిడ్ తరఫున యూరోలీగ్ గెలిచి, 2018లో ఆ లీగ్ ఉత్తమ ఆటగాడు అయ్యాడు. తర్వాత అమెరికా ఎన్‌బీఏలో డల్లాస్ మావెరిక్స్‌కు ఆడాడు. 2023-24 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 33.9 పాయింట్లు కొట్టి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ జూన్‌లో డల్లాస్‌ను ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ బోస్టన్ సెల్టిక్స్ చేతిలో 4-1తో ఓడిపోయారు. మూడో మ్యాచ్‌లో ఇంకా నాలుగు నిమిషాల ఆట మిగిలి ఉండగా ఆరో ఫౌల్ చేసి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

అప్పటి నుంచి అభిమానుల మధ్య గొడవ ముదిరింది. ‘పాయింట్లు కొడతాడు గానీ డిఫెన్స్‌లో ఒళ్లు వంచడు’, ‘గెలవాలన్న కసి లేదు’ అని ఒక వర్గం. ‘అతను లేకపోతే మీకు ఫైనల్స్ ఎక్కడివి?’ అని రెండో వర్గం. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ అతన్ని, పాతికేళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తీసుకుంది. ఛాంపియన్‌షిప్‌లు గెలిపించేది డిఫెన్సే అన్నది జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఇచ్చిన వివరణ.

అభిమానుల ఆరోపణలో రెండు మాటలు కలిసిపోయాయి, గమనించండి. ‘అతని డిఫెన్స్ బలహీనం’ అన్నది పని గురించిన మాట. వీడియో చూసి, లెక్కలు తీసి తేల్చవచ్చు. ‘అతనికి ప్రయత్నించాలని లేదు’ అన్నది మనసు గురించిన మాట. మొదటిదానికి ఉన్న సాక్ష్యాన్నే రెండోదానికి కూడా చూపించి కేసు మూసేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడ.

మొదటి ప్రశ్న: లోడ్ ఎంత?

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది మొదటి సెమిస్టర్ పాఠం. దూలం వంగితే ముందు దాని మీద ఎంత బరువు పడిందని అడుగుతాం. ఉక్కుకు కమిట్‌మెంట్ లేదని ఎవరూ రాయరు.

ఎన్‌బీఏలో రెగ్యులర్ సీజన్ 82 మ్యాచ్‌లు, మ్యాచ్ 48 నిమిషాలు. డోంచిచ్ మ్యాచ్‌కు 37 నిమిషాలకు పైగా ఆడాడు. అతను కోర్టులో ఉన్నంతసేపు జట్టు దాడుల్లో మూడో వంతుకు పైగా అతని చేతుల మీదుగానే ముగిశాయి. తను కొట్టిన 33.9కి తోడు మ్యాచ్‌కు 9.8 అసిస్టులు. ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో ఇంకో 22 మ్యాచ్‌లు. ఫైనల్స్ సమయానికి మోకాలు, చీలమండ, ఛాతీ దెబ్బలు మూడూ గాయాల రిపోర్టులోనే ఉన్నాయి. ఆ శరీరంతో ఒక కొసన దాడి మొత్తం నడిపించి, రెండో కొసన ప్రతిసారీ పూర్తి వేగంతో పరిగెత్తాలంటే అడిగేది ప్రయత్నం కాదు, రెండో శరీరం. శక్తిని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది జట్టు వేసుకున్న లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చు. తప్పయితే అడగాల్సింది కోచ్‌ను, మేనేజ్‌మెంట్‌ను కూడా.

రెండో ప్రశ్న: ఎక్కడ నిలబెట్టారు?

ఇప్పటి బాస్కెట్‌బాల్‌లో ఎవరు ఎవరిని కాపాడాలో డిఫెన్స్ ఒక్కటే నిర్ణయించదు. దాడి చేసే జట్టు తన ఆటగాడిని ఒక గోడలా అడ్డం పెడుతుంది. దాన్ని స్క్రీన్ అంటారు. దాంతో ఎదుటి జట్టు డిఫెండర్లు ఒకరి స్థానంలోకి ఒకరు మారాల్సి వస్తుంది. అలా మార్పించి మార్పించి, నెమ్మదిగా కదిలే డిఫెండర్ ఎదురయ్యాక దాడి మొదలుపెడతారు. ఫైనల్స్‌లో బోస్టన్ డోంచిచ్‌ను పదే పదే ఇలాగే లాగింది. అందువల్ల టీవీలో మళ్లీ మళ్లీ అతనే దొరికిపోతాడు. మిగిలిన నలుగురి తప్పులు తెర మీదికే రావు. అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు ఎదుర్కొన్నవాడికి ఎక్కువ తప్పులు పోతాయి. అది వాడి బద్ధకానికి రుజువు కాదు.

ఇప్పుడు ఇదే మనిషిని వేరే అమరికలో చూడండి. 2021-22లో డల్లాస్ డిఫెన్స్ లీగ్‌లో మొదటి పది స్థానాల్లో ఉంది, జట్టు వెస్ట్ ఫైనల్స్ దాకా వెళ్లింది. అప్పుడూ జట్టుకు కేంద్రం డోంచిచే. 2024 ఫిబ్రవరిలో డానియల్ గాఫోర్డ్, పీజే వాషింగ్టన్ వచ్చాక జట్టు డిఫెన్స్ మళ్లీ గట్టిపడింది. ఆ మధ్యలో అతని మనసు చచ్చి మళ్లీ బతికిందా? చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

ఇంకో ఉదాహరణ జేమ్స్ హార్డెన్. హ్యూస్టన్‌లో అతని డిఫెన్స్ తప్పుల వీడియోలు చూసి ప్రపంచమంతా నవ్వింది. 2017-18లో అదే హ్యూస్టన్ స్క్రీన్ పడ్డప్పుడల్లా డిఫెండర్లు స్థానాలు మార్చుకునే పద్ధతి పెట్టింది. ఎక్కువ పరిగెత్తకుండా, తన బలంతో పెద్ద ఆటగాళ్లను బాస్కెట్ దగ్గర ఆపే పని హార్డెన్‌కు వచ్చింది. జట్టు 65 మ్యాచ్‌లు గెలిచింది, డిఫెన్స్‌లోనూ మొదటి పది జట్లలో నిలిచింది, ఆ ఏడాది ఎంవీపీ హార్డెనే. చేతనైన పని ఇచ్చేసరికి ‘ఆసక్తి’ కనిపించింది!

పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని దోషిగా నిలబెట్టే ఈ అలవాటుకు సైకాలజీలో పేరుంది: ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్. లీ రాస్ 1977లో పెట్టిన పేరు. నోట్స్‌లో అందరం రాసుకుంటాం. మ్యాచ్ చూసేటప్పుడు మాత్రం గుర్తు రాదు.

ఎదుటి వాదన

‘మరి రిఫరీతో వాదిస్తూ డిఫెన్స్‌కు వెనక్కి రాకుండా నిలబడటం కూడా లోడేనా?’ అని మీరు అడుగుతారు. అడగాలి. కాదు, అది లోడ్ కాదు. డోంచిచ్ ఆ పని చాలాసార్లు చేశాడు, జట్టు అందుకు మూల్యం చెల్లించింది. ఫిట్‌నెస్ కూడా ఆటగాడి బాధ్యతే. 2025 వేసవిలో బరువు తగ్గి కనిపించాడంటే అంతకుముందు తగ్గే అవకాశం ఉందనేగా అర్థం. ఈ రెండు విమర్శలూ న్యాయమైనవే. ఎందుకు? రెండూ కంటికి కనిపించే పనులు, మార్చుకోగలిగిన పనులు. ‘వాదన ఆపి వెనక్కి పరిగెత్తు’ అంటే అతను రేపటి నుంచి చేయగలడు. ‘నీకు మనసు లేదు’ అంటే ఏం చేయాలి?

‘తిట్టాక బాగా ఆడాడు కదా’ అన్నది ఇంకో వాదన. మూడో మ్యాచ్ తర్వాత విమర్శలు కురిశాయి, నాలుగో మ్యాచ్‌లో డల్లాస్ 122-84తో గెలిచింది. అయితే ఐదో మ్యాచ్‌లో మళ్లీ ఓడింది. తిట్టు ఒక్క మ్యాచ్‌కే పనిచేసి ఆగిపోయిందా? ఒక్క డేటా పాయింట్‌తో గ్రాఫ్ గీస్తే ల్యాబ్‌లో కూడా మార్కులు ఇవ్వరు.

కోర్టు నుంచి కోర్టుకు

ఇప్పుడు మన రంగంలోకి రండి. 1960లో అస్సాంలో భాషా అల్లర్లు జరిగాయి. అప్పుడు నౌగాంగ్ జిల్లా డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న ఐఏఎస్ అధికారి మీద క్రమశిక్షణ చర్య మొదలైంది. ముందుచూపు లేదు, నాయకత్వం లేదు, సామర్థ్యం లేదు అన్న తరహా ఆరోపణలు. యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ జె. అహ్మద్ కేసులో 1979లో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, సామర్థ్యం లోపించడం, అత్యున్నత ప్రమాణాన్ని అందుకోలేకపోవడం దానంతట అదే దుష్ప్రవర్తన కాదు. ఆ పదవికి తగడా అన్న ప్రశ్న వేరు, తప్పు చేశాడా అన్న ప్రశ్న వేరు. ఘోరమైన నిర్లక్ష్యం చూపితే సంగతి మారుతుందని కూడా చట్టం అంటుంది, కానీ దాన్ని రుజువు చేయాలి. 2008లో దేవ్ దత్ కేసులో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. వార్షిక రహస్య నివేదికలో రాసిన ప్రతి రిమార్కునూ ఆ ఉద్యోగికి తెలియజేయాలంది. నీ గురించి ఏం రాశారో తెలియకపోతే జవాబు ఎలా చెప్పుకుంటావు?

ఈ రెండు తీర్పులను డోంచిచ్ గొడవ పక్కన పెట్టి చదవండి. అభిమాని మాటకు ఎవరి ఉద్యోగమూ పోదు. జనరల్ మేనేజర్ మాటకు ఒక ఆటగాడు ఊరు మారాడు. కలెక్టర్ రాసిన ఒక్క వాక్యానికి గుమాస్తా ప్రమోషన్ పదేళ్లు ఆగవచ్చు. వాక్యం ఒక్కటే, ‘పని మీద ఆసక్తి లేదు’. అధికారం పెరిగేకొద్దీ ఆ వాక్యం బరువు పెరుగుతుంది.

మూడు గ్రామాల పని ఒక్కడే చూస్తున్న వీఆర్వో ఫైలు ఆలస్యం చేశాడని రేపు మీ ముందుకు వస్తుంది. ఎంత పని ఇచ్చాం, చేతనైన పనే ఇచ్చామా, చేయగలిగి కూడా ఏ పని మానేశాడు: ఈ మూడు ప్రశ్నలూ ఈ వరుసలోనే వేయండి. మూడోదానికి తేదీతో సహా జవాబు దొరికితే కఠినంగా రాయండి, వెనకాడకండి. దొరకకపోతే అతని మనసు గురించి ఒక్క అక్షరం రాయకండి.

మీ సంగతి మీకు తెలియనిదా? ప్రిలిమ్స్ రెండు మార్కులతో పోయిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు ‘వాడికి సీరియస్‌నెస్ లేదు’ అనే ఉంటారు. మీరు పగలు ఉద్యోగం చేసి రాత్రి చదివారని వాళ్లకు గుర్తుండదు. ఆ మాట మీకు ఎందుకు కాలిందో తెలుసుకుంటే చాలు, ఈ కేస్ స్టడీ అర్థమైనట్టే.

ప్రాక్టీస్ ప్రశ్న: ‘పనితీరులో లోపం, ప్రవర్తనలో లోపం ఒకటి కావు.’ ఒక పర్యవేక్షక అధికారి ఈ తేడాను ఎలా పాటించాలి? ఉదాహరణలతో చర్చించండి. (150 పదాలు)