పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే వైద్యం

ఇంటిల్లిపాదికీ వడ్డించి ఆఖర్న తినే ఇల్లాలు ఎంత తింటోందో చూసేదెవరు? శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం ఉపవాసం, "ఇందాకే తిన్నాలే" అనే మాట... ఇన్ని చాటులుండగా ఆమె తిండి మానేస్తోందని ఎవరికీ అనుమానం రాదు. ఉపవాసాలు జబ్బని నేననడంలేదు. వాటి వెనక ఓ జబ్బు ఏళ్ళ తరబడి దాక్కోగలదంటున్నాను.

లావైపోతామన్న భయంతో కడుపు మాడ్చుకోవడం అనొరెక్సియా. ఆపుకోలేక అతిగా తినేసి, చాటుగా కక్కేసుకోవడం బులీమియాలో కనిపిస్తుంది. ఇవి కాలేజీ అమ్మాయిల షోకులని చాలామంది అనుకుంటారు. పిల్లల తల్లులకీ, మగవాళ్ళకీ కూడా వస్తాయి. "తింటే పోయేదానికి ఇంత గొడవా?" అనడం తేలికే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆర్నెల్లపాటు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. వాళ్ళని చిరాకు, దిగులు, ఎప్పుడూ తిండి ధ్యాసే పట్టుకున్నాయి. ఆకలి మనసునే మార్చేస్తుందన్నమాట. అలాంటి మనిషిని మందలిస్తే ఏం లాభం?

మరి వైద్యం? నెలల తరబడి ఆస్పత్రిలో వుండమంటే పిల్లల పరీక్షలు, అత్తగారి మందులు అడ్డొస్తాయి. వారానికో గంట డాక్టరు దగ్గర కూర్చుంటే సరిపోతుందా అంటే, వారంలో 21 పూటల భోజనాలున్నాయి!

ఈ రెంటికీ మధ్య దారే డే పేషెంటు వైద్యం. కెనడాలోని టొరంటో జనరల్ హాస్పిటల్లో 1980లలోనే ఇలాంటిది మొదలైంది. వారంలో కొన్ని రోజులు పొద్దున్నే వెళ్ళాలి. నర్సో, డైటీషియనో పక్కన కూర్చుని వుండగా తోటివాళ్ళతో కలిసి తినాలి. తిన్నాక పుట్టే భయాన్ని అక్కడే నలుగురిలో చెప్పుకోవాలి. బరువు, నాడి, రక్తపరీక్షలు చూస్తారు. సాయంత్రం ఇంటికి పంపేస్తారు. గుండె లయ తప్పినా, ప్రాణం తీసుకోవాలన్న తలపులున్నా ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అయితే బరువొక్కటే చూసి ఈ నిర్ణయం చెయ్యొద్దని బ్రిటన్‌లో 2017లో వైద్యులకిచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మరీ చిక్కిపోలేదు కదాని తిప్పి పంపకూడదు.

ఈ వైద్యంలో నాకు నచ్చిందీ, భయపెట్టేదీ ఒకటే. రాత్రి భోజనం ఇంట్లోనే! పగలు నేర్చుకున్నది నిలబడేదీ, చెదిరేదీ అక్కడే. పగలంతా ఇంటిపని ఎవరో ఒకరు అందుకుంటే తప్ప ఆమె గడప దాటలేదు. తిరిగొచ్చాక "అందరికీ వడ్డించు, తర్వాత తిందువుగాని" అంటే మళ్ళీ మొదటికే. ఆమెని అందరితోపాటు కూర్చోబెట్టాలి. ముద్దలు లెక్కపెట్టకూడదు. "కాస్త ఒళ్ళు చేశావే" అని మెచ్చుకోవడం కూడా ఆమెకి ములుకే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీరానికొచ్చే జబ్బుల్లాగే మనసు జబ్బులకీ బీమా వర్తింపజేయాలంటోంది. మన జిల్లా ఆస్పత్రుల్లో ఇలాంటి వైద్యానికి ఓ గది, ఓ భోజనాల బల్ల ఏర్పాటు చెయ్యమని మనం ఎందుకు అడక్కూడదు? ఈలోగా ఎవరికైనా అనుమానముంటే టెలి మానస్ 14416కి ఫోను చెయ్యొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అంతకన్నా ముందు, ఈ రాత్రికి అందరి కంచాలతోపాటు మన కంచం కూడా పెట్టుకుందాం.