బిడ్డ వయస్సు యంత్రమున కేల?

కంప్యూటరు గాని, చేతిఫోను గాని తెరచినపుడు మేల్కొని పని నడపునది ఆపరేటింగ్ సిస్టము. ఆటలు, పాటలు, ఉత్తరములు అన్నియు దాని చెప్పుచేతలలోనివే. ఇంటికి గడప యెట్టిదో యంత్రమున కది యట్టిది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2025 అక్టోబరులో ఈ గడప యొద్దనే కావలి పెట్టుచు నొక చట్టము చేసిరి. 2027 జనవరి 1 మొదలుకొని, బిడ్డ పేర ఖాతా తెరచునపుడు ఆపరేటింగ్ సిస్టము వయస్సునో, పుట్టినదినమునో తలిదండ్రుల నడుగవలెనని అందు వ్రాసిరి. పిదప బిడ్డ 13 ఏండ్లు నిండనిదో, 16 నిండనిదో, 18 నిండనిదో, అంతమాత్రమే యాప్‌లవారికి తెలుపవలెను. తల్లి చెప్పిన మాటయే చాలును. గుర్తింపు పత్రముతో పనిలేదు. అజాగ్రత్తచే తప్పినవారికి బిడ్డ యొక్కింటికి 2,500 డాలర్ల వరకును, తెలిసి తప్పినవారికి 7,500 డాలర్ల వరకును జరిమానా.

తల్లి మాటను మన్నించుట మెచ్చదగినదే. మరి చిక్కెక్కడ? లినక్స్ అను దాని నాలోచింపుడు. 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ దానిని మొదలిడెను. దానిపై నిర్మింపబడిన డెబియన్ 1993లో పుట్టెను. దీనిని జీతము లేని సేవకులు దేశదేశములనుండి కూడి నడపుదురు. దీనికి వెల లేదు. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఊరివారందరును కలసి త్రవ్వుకొన్న చెరువు వంటిది. వాడువారి పేర్లైనను వారెరుగరు. కాని యా చట్టము ఆపరేటింగ్ సిస్టమును నిర్మించువారి నందరను ఒక్క మాటలో చేర్చినది. చెరువుగట్టున కావలి లేదని ఎవరిని దండింతురు? అదియు గాక, మార్చుటకు స్వేచ్ఛగల దానినుండి వయస్సు నడుగు భాగమును నేర్పరియైన బాలుడు తీసివేయగలడు.

పిల్లలచే లాభము గడించు వర్తకుని, విద్యాదానము చేయువానిని చట్టము వేరువేరుగ చూడవలదా?

మన దేశమునను 18 ఏండ్లు నిండనివారి వివరములు వాడుకొనుటకు తలిదండ్రుల సమ్మతి పొందవలెనని 2023 నాటి చట్టమున గలదు. కావున నీ ప్రశ్న మన కును దూరము గాదు. బిడ్డకు వేరు ఖాతా తెరచి, యంత్రపు పెత్తనపు సంకేతపదమును మీయొద్దనే యుంచుకొనుడు. అప్పుడప్పుడు చెంత కూర్చుండి, ఏమి చూచుచున్నదో యడుగుడు. యంత్రమున కొక్కసారి చెప్పిన తేదీ, తల్లి దినదినమును వేయు ప్రశ్నకు సాటి రాదు.