నికోబార్ అడవికి హరియాణాలో బదులా?

గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కట్టడానికి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని వదులుకునేందుకు కేంద్రం 2022లో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పోయే అడవికి బదులుగా హరియాణా లాంటి చోట్ల మొక్కలు నాటాలన్నది ప్రతిపాదన. దూరం సంగతి అలా ఉంచితే, మొక్క ఎక్కడైనా మొక్కేనన్న నమ్మకం ఈ లెక్కకు పునాది. వర్షారణ్యంలో మొలకలు ఎలా చస్తాయో, ఎలా బతుకుతాయో పరిశీలించినవాళ్లు తేల్చింది మరొకటి.

ఆ అడవుల్లో నేల దాకా దిగేది, పైన కాసే ఎండలో ఒకటి రెండు శాతమే. కాబట్టి మొలకకు వెలుతురే ప్రాణమనిపిస్తుంది. అది సగం నిజం. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో పరిశోధకురాలు కరోల్ ఆగ్‌స్పర్గర్ ఒక జాతి చెట్టు మొలకలను వెంటాడి చూస్తే, ఎక్కువగా చంపింది నారుకుళ్లు తెగులు. అదీ తల్లి చెట్టు దగ్గర, నీడలో మరీ ఎక్కువ. పెద్ద చెట్టు కూలి ఎండ పడ్డ చోట తెగులు తగ్గింది. నారుమడి పెంచే మన రైతుకు ఇందులో వింతేమీ లేదు. తల్లి చుట్టూ ఆ జాతికి ప్రత్యేకమైన శత్రువులు పోగవుతాయని, అందుకే దూరంగా పడ్డ గింజకే బతికే అవకాశం ఎక్కువని శాస్త్రవేత్తలు జాన్‌జెన్ 1970లో, కానెల్ 1971లో విడివిడిగా చెప్పారు. బెలీజ్ అడవిలో శిలీంధ్రనాశిని చల్లి చూసిన ప్రయోగం 2014లో వెలువడింది. మందు చల్లిన చోట మొలకల్లో జాతుల వైవిధ్యం పడిపోయింది. అంటే, మనం రోగమని పిలిచేదే ఏ ఒక్క జాతీ అడవినంతా ఆక్రమించకుండా అడ్డుపడుతోంది. ఇక చాలా జాతుల గింజ దూరం వెళ్లాలంటే పండు తినే పావురం కావాలి, గబ్బిలం కావాలి. నర్సరీ సంచిలో ఇవేవీ రావు.

మరి కేరళలో, మలేసియాలో ఒకే జాతి రబ్బరు తోటలు ఏపుగా పెరగడం లేదా అని అడగొచ్చు. పెరుగుతున్నాయి, పుట్టింటి శత్రువు వెంట రాలేదు కాబట్టి. 1876లో బ్రెజిల్ నుంచి గింజలు సముద్రం దాటాయి, అక్కడి ఆకుమాడు తెగులు దాటలేదు. అదే రబ్బరును కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1928లో అమెజాన్‌లోనే కంపెనీ తోటగా పెట్టబోతే ఆ తెగులు ఊడ్చేసింది. కోట్లు పోసినా 1945లో అమ్ముకుని వెళ్లిపోక తప్పలేదు. అడవిలో చెదురుమదురుగా ఉన్నప్పుడు బతికిన చెట్టే వరసల్లో గుమిగూడితే నిలవలేదు. నికోబార్‌లో నాటేందుకు ఖాళీ నేల లేదు, చట్టం బదులు అడుగుతోంది, ఏం చేయమంటారన్నది ఇంకో ప్రశ్న. హరియాణాకు చెట్లు అవసరమే, నాటండి. కానీ దాన్ని నికోబార్ ఖాతాలో జమ వేయకండి. ఆ అడవిని తిరిగి రాని నష్టంగా రాసి, ప్రాజెక్టు లాభనష్టాలు మళ్లీ లెక్కగట్టాలి. ఇతర చోట్ల ప్రత్యామ్నాయ అటవీకరణకైనా, నాటిన మొక్కల సంఖ్య చూసి బిల్లు చెల్లించడం ఆపి, పదేళ్ల తర్వాత అక్కడ ఎవరూ నాటకుండా ఎన్ని జాతులు మొలిచాయో చూసి చెల్లించాలి.